బతికుండగానే అప్పు తేలాలి

అప్పుల బాధతో రైతు ఆత్మహత్య చేసుకుంటే ఆ ఇంటికి ఏం సాయం చేయాలన్న దాని మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో 421 నంబరు జీవో ఇచ్చింది. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు కలిసి విచారించి, సాగు అప్పులే కారణమని తేలిస్తే లక్షన్నర రూపాయలు మంజూరయ్యేవి. అందులో లక్ష కుటుంబానికి. మిగతా 50,000 అప్పిచ్చినవాళ్లకు సర్ది, బాకీలు ఒకేసారి తెంపడానికి. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు ఈ సాయాన్ని 5 లక్షలకు, ఆపైన 7 లక్షలకు పెంచాయి. మొత్తం సంగతి అలా ఉంచి ఆ 50,000 గురించి ఆలోచించాలి. ఈ మనిషి ఇక కట్టలేడు, అప్పిచ్చినవాళ్లంతా ఒకచోట కూర్చుని ఉన్నదాంట్లో తలా ఇంత తీసుకుని నోట్లు చెల్లు రాసివ్వాలి అనే సూత్రాన్ని ప్రభుత్వమే అక్కడ ఒప్పుకుంది. అదే సూత్రాన్ని మనిషి బతికుండగా అమలు చేసే చట్టం మనకు వందేళ్లకు పైగా ఉంది. అది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. దాని కింద కోర్టులో దరఖాస్తు వేయడాన్నే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ‘ఐపీ పెట్టడం’ అంటారు. ఆ మాట వినగానే ఊరిని ముంచి రాత్రికి రాత్రి తాళం వేసుకుపోయిన చిట్టీల వ్యాపారి గుర్తొస్తాడు గానీ, రెండు పంటలు పోయి చేతులెత్తేసిన రైతు ఎవరికీ గుర్తురాడు. కట్టలేని అప్పు నుంచి గౌరవంగా బయటపడే చట్టబద్ధమైన దారి ఈ నేలకు రుణమాఫీ కంటే, ఎక్స్‌గ్రేషియా కంటే ముందు కావాలన్నదే నేను చెప్పదలిచింది. ఆ దారి మోసగాళ్ల పాలు కావడానికి సగం కారణం నిజాయితీపరులు దానివైపు చూడకపోవడం, మిగతా సగం ప్రభుత్వాలు దాన్ని బాగుచేయకుండా వదిలేయడం.

ఈ నల్లరేగడిలో అప్పు దుబారా వల్ల పుట్టింది కాదు. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి చేలను తెల్లదోమ తినేసినప్పుడు, కొట్టిన మందు మళ్లీ కొట్టి, అప్పు మీద అప్పు చేసి, చివరికి అదే మందు తాగిన రైతుల కథలు రాష్ట్రం మొదటిసారి విన్నది. వరంగల్ పత్తి రైతుల చావులు దేశాన్ని కుదిపిన 1997-98కి అది పదేళ్ల ముందు మాట. ఆ తర్వాత ఇక్కడి రైతు పత్తిని పూర్తిగా వదలకుండానే మిర్చి వైపు మళ్లాడు. మిర్చి పెట్టుబడి మరీ ఎక్కువ. కౌలు, నారు, ఎరువు, మందులు, కోత కూలీలు కలుపుకుంటే ఎకరాకు రెండు లక్షలు దాటుతుంది. ధర మాత్రం రైతు చేతిలో లేదు. 2017 వేసవిలో ధర పడిపోతే క్వింటా 5,000 చొప్పున కొంటామని కేంద్రం ముందుకు రావలసి వచ్చింది. 2021-22లో నల్ల తామర పురుగు పూత మీదే పంటను ఊడ్చేసింది. ఆ మరుసటి ఏడు క్వింటా 20 వేలు దాటిన కాయలు, 2025 ఫిబ్రవరి నాటికి మళ్లీ కేంద్రం 11,781 రూపాయల మద్దతు ప్రకటించే స్థితికి దిగజారాయి. ఇంత ఊగిసలాడే పంటకు స్థిరమైన వడ్డీ మీద అప్పు తేవడమంటే, ఐదేళ్లలో ఒక్కసారైనా కట్టలేని పరిస్థితి వచ్చి తీరుతుందని ముందే తెలిసి తేవడమే. జాతీయ నమూనా సర్వే 2019లో తీసిన లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి, సగటు అప్పు 2,45,554 రూపాయలు. దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంత లేదు. దేశ సగటు 74,121. నూటికి తొంభై మూడు ఇళ్లలో ఉన్నదాన్ని మనిషి బలహీనత అనుకోలేం, సాగు నడిచే పద్ధతే అది.

ఇక ఆ అప్పు పెరిగే తీరు చూడాలంటే ఒక ప్రోనోటు ముందు పెట్టుకుంటే చాలు. రూపాయి రెవెన్యూ స్టాంపు, దాని మీదుగా సంతకం, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. లక్ష రూపాయలకు ఏడాదికి 36,000. ప్రోనోటు మీద దావా వేసే గడువు మూడేళ్లు కాబట్టి, గడువు దాటకముందే నోటు తిరగరాయిస్తారు. మూడేళ్ల వడ్డీ 1,08,000 అసలులో కలిసి కొత్త నోటు 2,08,000కు లేస్తుంది. ఇంకో మూడేళ్లు గడిస్తే బాకీ 4,32,640. ఆరేళ్లలో లక్ష నాలుగింతలు దాటింది, ఆ మధ్యలో రైతు చేతికి కొత్తగా ఒక్క రూపాయి రాలేదు. పురుగుమందుల కొట్లో ఖాతా ఇంకొకటి. మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు ఇచ్చిన పెట్టుబడి మరొకటి, ఆ బాకీ ఉన్నంతకాలం కాయలు ఆయన కొట్టుకే తోలాలి. కౌలు రైతుకైతే బ్యాంకు గుమ్మం దాదాపు మూసుకున్నట్టే. రాష్ట్రం తెచ్చిన 2019 చట్టం కింద పదకొండు నెలలకు ఇచ్చే సాగుదారు హక్కు పత్రానికి భూయజమాని సంతకం కావాలి, చాలామంది యజమానులు పెట్టరు. ఆ పొలం మీద పంట రుణం యజమాని పేరునే ఉంటుంది, చేలో నష్టం కౌలుదారు ఖాతాలో పడుతుంది.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. కనీసం 500 రూపాయల అప్పుండి కట్టలేని స్థితిలో ఉన్న ఎవరైనా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఐపీ వేయవచ్చు. రైతు వేయకూడదని ఎక్కడా లేదు. దరఖాస్తుకు రెండు పట్టికలు జతచేయాలి. ఒకదాంట్లో ఎవరెవరికి ఎంత బాకీ, వాళ్ల ఊరు, చిరునామా. రెండోదాంట్లో తనకున్న ప్రతి ఆస్తి, దాని విలువ. ఆ ఆస్తిని కోర్టుకు అప్పగించడానికి సిద్ధమని రాసివ్వాలి. కోర్టు అప్పిచ్చినవాళ్లందరికీ నోటీసులు పంపి, వాళ్ల అభ్యంతరాలు విని, నిజంగానే కట్టలేడని నమ్మితే దివాలాదారుగా ప్రకటిస్తుంది. అప్పటినుంచి ఆస్తి అధికారిక రిసీవర్ చేతికి పోతుంది, ఆయన అమ్మి అందరికీ బాకీల దామాషాలో పంచుతాడు. విడివిడిగా దావాలు, జప్తులు ఆగుతాయి. అరెస్టు కాకుండా రక్షణ ఉత్తర్వు కోరవచ్చు. కోర్టు పెట్టిన గడువులో విడుదల కోసం దరఖాస్తు చేసుకుని, నడవడిక సరిగా ఉందని తేలితే, మిగిలిన బాకీల నుంచి మనిషికి విముక్తి దొరుకుతుంది. రిసీవర్ అన్నీ ఊడ్చుకుపోతాడన్న భయం ఇక్కడ చాలామందికి ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు చేయకూడదన్నవి దివాలాలోనూ చేయకూడదు. రైతు కాపురముంటున్న ఇల్లు, సాగు పనిముట్లు, అవసరమైన పశువులు, విత్తనాలు, వంటపాత్రలు, కట్టుబట్టలు అందులో ఉన్నాయి. పొలం మాత్రం పోతుంది. సొంత పొలం లేని కౌలు రైతుకు ఆ బెంగ కూడా లేదు, అయినా ఈ చట్టం అవసరం అందరికంటే ఎక్కువున్న ఆయనే దాని పేరు చెబితే జంకుతాడు.

జంకడానికి కారణం ఉంది. రైతుల దగ్గర పత్తి, మిర్చి అరువుకు కొని, డబ్బు ఇవ్వకుండా ఐపీ పెట్టిన వ్యాపారుల వార్తలు ఈ జిల్లాల ఎడిషన్లలో ఏటా వస్తూనే ఉంటాయి. ఐపీకి ముందు పొలం భార్య పేరుకు, ఇల్లు బావమరిది పేరుకు మారిపోతాయి. లెక్కలేనంత మందికి నోటీసులు అందుతాయి, ఆస్తుల పట్టికలో మంచాలు, కుర్చీలు తప్ప ఏమీ ఉండవు. కాబట్టి ఐపీ చట్టమే మోసానికి లైసెన్సు, దాన్ని రైతులకు నేర్పడమేమిటని అడిగేవాళ్లను తప్పుపట్టలేం. కానీ అదే చట్టం మిగతా సెక్షన్లు తిరగేస్తే వేరే సంగతి కనబడుతుంది. దివాలా దరఖాస్తుకు ముందు రెండేళ్లలోపు ప్రతిఫలం లేకుండా చేసిన బదిలీలను రిసీవర్ రద్దు చేయించవచ్చు. దరఖాస్తుకు ముందు మూడు నెలల్లో ఒక్కరికే మేలు చేసే ఉద్దేశంతో కట్టిన బాకీ చెల్లదు. ఆస్తి దాచినా, లెక్కల పుస్తకాలు మాయం చేసినా ఏడాది దాకా జైలు శిక్ష ఉంది. ఈ సెక్షన్లు పనిచేయాలంటే అప్పిచ్చినవాళ్లలో ఎవరో ఒకరు కోర్టుకు వెళ్లి పట్టుబట్టాలి. నోటీసు రాగానే ‘ఇక డబ్బు పోయింది’ అని ఇంట్లో కూర్చుంటే మోసగాడికి అదే కావాలి. బాకీ రావలసిన పత్తి రైతులు నలుగురు కలిసి ఒక వకీలును పెట్టుకుని ఆ బదిలీ దస్తావేజుల నకళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తెచ్చి కోర్టు ముందు పెడితే, చట్టం అప్పుడు రైతు పక్షాన నిలబడుతుంది. రైతు కొన్నిసార్లు బాకీదారు, కొన్నిసార్లు బాకీ రావలసినవాడు. రెండు వేషాల్లోనూ ఈ చట్టం తెలిసి ఉండటం ఆయనకు అవసరం.

రెండో అభ్యంతరం నీతికి సంబంధించింది. తీసుకున్నది కట్టడం ధర్మం, ఇలా ఎగ్గొట్టడం నేర్పితే రేపు ఊళ్లో ఎవరూ అప్పివ్వరు అంటారు. కట్టగలిగి కట్టనివాడికీ కట్టలేనివాడికీ ఉన్న తేడాను సుప్రీంకోర్టు 1980లోనే జాలీ జార్జి వర్గీస్ కేసులో స్పష్టంగా గీసింది. చేతిలో డబ్బు లేక కట్టలేకపోయినంత మాత్రాన మనిషిని సివిల్ జైల్లో పెట్టకూడదని, దుర్బుద్ధితో ఎగవేస్తున్నాడని తేలితేనే పెట్టాలని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ తీర్పులో చెప్పారు. డబ్బు డిక్రీ అమలులో ఆడవాళ్లను అరెస్టు చేయడం అసలే కుదరదు. ఇక అప్పు పుట్టదన్న మాట. ఏడాదికి 36 శాతం వడ్డీ ఎందుకు తీసుకుంటున్నారని అడిగితే, తిరిగి రాకపోయే ప్రమాదం ఉంది కాబట్టి అంటారు. ఆ ప్రమాదానికి ధర ఏళ్ల తరబడి వసూలు చేసుకున్నవాళ్లు, ప్రమాదం నిజంగా ఎదురైనప్పుడు నష్టంలో పాలుపంచుకోం అనడం న్యాయం కాదు. బ్యాంకులు కంపెనీల దివాలాలో బాకీల్లో పెద్ద భాగం వదులుకుంటూనే మళ్లీ కంపెనీలకు అప్పులిస్తున్నాయి. రైతు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ లెక్క పాపమైపోతుంది.

అయితే అప్పిచ్చినవాళ్లంతా ధనవంతులు కారు. రిటైరైన పంతులుగారు, కూతురి పెళ్లికని దాచుకున్న డబ్బు వడ్డీకి తిప్పే విధవరాలు, పక్కింటి చిన్న రైతు, వీళ్ల డబ్బు కూడా ఆ నోట్లలో ఉంటుంది. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయకూడదు, వాళ్లకు నష్టం తప్పదు కూడా. కానీ చట్టం లేనప్పుడు వాళ్ల గతి ఏమిటో చూడాలి. నోరున్నవాడు, బలమున్నవాడు ముందొచ్చి ట్రాక్టరు తోలుకుపోతాడు. కమీషన్ ఏజెంటు కాయల సొమ్ము దగ్గరే కోసేసుకుంటాడు. మొహమాటపడి అడగలేకపోయిన పంతులుగారికి చివరికి మిగిలేది కాగితం. రిసీవర్ దామాషాగా పంచితే రూపాయికి ముప్పై పైసలే వచ్చినా ఆ ముప్పై పైసలు పంతులుగారికీ వస్తాయి, ఏజెంటుకూ వస్తాయి.

ఇంత చెప్పాక ఈ చట్టం చేయలేనివి దాచడం మర్యాద కాదు. తాకట్టు పెట్టిన ఆస్తి జోలికి ఐపీ వెళ్లదు. బంగారం మీద అప్పిచ్చినవాళ్లు, పొలం తనఖా పట్టినవాళ్లు తమ తాకట్టు తాము రాబట్టుకోవచ్చు. (వ్యవసాయ భూమిని కోర్టుకు వెళ్లకుండా బ్యాంకు సొంతంగా స్వాధీనం చేసుకోవడానికి మాత్రం సర్ఫేసీ చట్టం ఒప్పుకోదు, ఈ సంగతి తెలియక బెదిరిపోయేవాళ్లు చాలామంది.) ప్రభుత్వ బాకీలు, భార్యాపిల్లలకు ఇవ్వాల్సిన మనోవర్తి, మోసంతో తెచ్చిన అప్పు విడుదలతో పోవు. అన్నిటికంటే ముఖ్యం, జామీను ఉన్నవాడు తప్పించుకోలేడు. ఒకరి నోటు మీద ఒకరు సంతకాలు పెట్టుకోవడం ఈ ఊళ్లలో మామూలు కాబట్టి, ఒక రైతు ఐపీ పెడితే ఆ భారం తెల్లారేసరికి తోటి రైతు మీద పడుతుంది. ఖాళీ చెక్కు ఇచ్చి ఉంటే దాని మీద వేసే చెక్కు బౌన్స్ కేసును కూడా ఐపీ ఆపదు. ఆస్తులు బాకీల్లో రూపాయికి ఎనిమిదణాలకు కూడా సరిపోకపోతే పూర్తి విడుదల ఇవ్వకూడదని చట్టంలో ఉంది, అయితే అది తన తప్పు లేని కారణాల వల్ల జరిగిందని కోర్టును ఒప్పించగలిగితే ఇవ్వవచ్చు. పురుగు, వాన, ధర ఇవన్నీ ఆ కారణాలే. అందుకే ఈ-పంట నమోదు, పంట నష్టం జాబితాలో పేరు, యార్డు అమ్మకం పట్టీలు, మందుల బిల్లులు భద్రంగా ఉంచుకోవడం అవసరం. నోటిమాటగా చెప్పిన నష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవడం కష్టం.

ఐపీ దాకా వెళ్లకముందే ఆగే మలుపులు కొన్ని ఉన్నాయి. ప్రకృతి విపత్తుల మీద రిజర్వు బ్యాంకు 2018లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, పంట నష్టం 33 శాతం దాటితే పంట రుణాన్ని టర్ము లోనుగా మార్చి కనీసం ఏడాది వసూలు ఆపాలి. నష్టం సగం లోపైతే రెండేళ్లు, దాటితే ఐదేళ్ల వరకు గడువు ఇవ్వవచ్చు. బ్యాంకు మేనేజరు తనంతట తాను పిలిచి చెబుతాడని ఎదురుచూడకుండా అర్జీ రాసి రశీదు తీసుకోవాలి. గడువు దాటిన నోటు మీద దావా చెల్లదు, కానీ గడువు దాటకముందే వంద రూపాయలు కట్టి వెనక చెల్లు రాసి సంతకం చేస్తే గడువు మళ్లీ మొదలవుతుంది. కాబట్టి ఎవరో బతిమాలారని నోటు వెనక సంతకం పెట్టే ముందు తేదీ చూసుకోవాలి. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ డిక్రీతో సమానం, కోర్టు ఫీజు లేదు. ఇంటి పెద్ద పోయిన కుటుంబాలు మరొకటి తెలుసుకోవాలి. 2005 హిందూ వారసత్వ సవరణ తర్వాత చేసిన అప్పులకు, తండ్రి బాకీ తీర్చడం కొడుకు ధర్మమన్న ఒక్క కారణంతో కొడుకు మీదికి రావడానికి వీల్లేదు. పోయిన మనిషి వదిలిన ఆస్తి మేరకే బాధ్యత. భార్య తాను సంతకం చేయని నోటుకు తన పుట్టింటి బంగారంతో జవాబు చెప్పనక్కర్లేదు. కర్మకాండలు కాకముందే వచ్చి కొడుకు పేరున కొత్త నోటు రాయించుకునే వాళ్లుంటారు. ఆ రోజు ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు.

ఇవన్నీ ఎందుకు, మాఫీ చేస్తే సరిపోతుంది కదా అనేది రాజకీయంగా గట్టి మాట. 2008లో కేంద్రం, 2014లో కుటుంబానికి లక్షన్నర పరిమితితో ఆంధ్రప్రదేశ్ మాఫీ చేశాయి. రెండూ బ్యాంకు బాకీకే వర్తించాయి. మనిషికి ఊపిరాడనివ్వనిది ప్రోనోటు, దాన్ని ఏ మాఫీ ముట్టుకోలేదు. బ్యాంకులో ఖాతాయే లేని కౌలు రైతుకు అందింది సున్నా. నిజానికి ప్రైవేటు అప్పును ముట్టుకునే ధైర్యం ఒకప్పుడు మన చట్టసభలకు ఉండేది. ఆర్థిక మాంద్యంలో ధరలు కూలినప్పుడు, రాజగోపాలాచారి నాయకత్వంలోని మద్రాసు ప్రభుత్వం 1938లో రైతు రుణ ఉపశమన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు ముందు తెచ్చిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ మొత్తం రద్దయింది. అసలుకు రెండింతలు అప్పటికే కట్టి ఉంటే అప్పు తీరినట్టే లెక్క. షావుకారు నోటుకు కూడా అది వర్తించింది. 1977లో మరో చట్టం చిన్న రైతులు, కూలీలు, చేతివృత్తులవాళ్ల బాకీలను రద్దు చేసింది. ఇవి ఒక్కసారి కురిసి వెలిసే వానలు. ఏ ఏడు ఎవరికి పంట పోయినా తట్టగలిగే శాశ్వతమైన తలుపు ఒకటి ఉండాలి. అమెరికాలో 1980ల్లో పొలాలు వేలానికి వచ్చినప్పుడు, రైతు కుటుంబాల కోసమే దివాలా చట్టంలో పన్నెండో అధ్యాయం చేర్చారు. పొలం రైతు చేతిలోనే ఉంచి, మూడు నుంచి ఐదేళ్లలో రాబడికి తగ్గట్టు కట్టే ప్రణాళికను కోర్టు ఖాయం చేస్తుంది. అది అమల్లోకి వచ్చింది 1986 నవంబరులో, ప్రకాశం పత్తి చేలు మాడిపోవడానికి ఏడాది ముందు.

మన దగ్గర 2016లో వచ్చిన కొత్త దివాలా కోడ్‌లోనూ వ్యక్తుల కోసం ఒక భాగం ఉంది. కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్లకు 2019 డిసెంబరు 1 నుంచి దాన్ని వర్తింపజేశారు. మామూలు మనుషులకు మాత్రం ఆ తలుపు తీయలేదు, కాబట్టి వాళ్లకు 1920 చట్టమే దిక్కు. ఆ కోడ్‌లో ‘కొత్త ఆరంభం’ అనే ఏర్పాటు చాలా మంచిది, పేదవాడి చిన్న బాకీలను తేలిగ్గా కొట్టేయడానికి పెట్టారు. కానీ ఏడాది ఆదాయం 60,000, ఆస్తి 20,000, అప్పు 35,000 దాటకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబం సగటు అప్పు దీనికి ఏడింతలు. ఈ పరిమితులు పెంచి, సొంత ఇల్లున్నా అర్హులేనని చెప్పి, ఆ భాగాన్ని వ్యక్తులకు వర్తింపజేస్తూ కేంద్రం నోటిఫికేషన్ ఇవ్వాలి. రాష్ట్రం అందాకా ఆగనక్కర్లేదు. కేరళ 2006లో, తెలంగాణ 2016లో రైతు రుణ ఉపశమన కమిషన్లకు చట్టాలు చేశాయి. ఆర్డీవో ముందు 50,000కు బాకీలు తెంపిన అనుభవం మనకు ఉండనే ఉంది, అదే ఆర్డీవో బల్ల ముందు బతికున్న రైతును కూర్చోబెట్టే అధికారం ఒక చిన్న చట్టంతో ఇవ్వవచ్చు.

ఈలోగా చేతిలో ఉన్నది చేతిలో ఉంది. గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు, మార్కాపురం కోర్టుల ప్రాంగణాల్లో న్యాయ సేవల సంస్థలున్నాయి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా, మిగతావాళ్లకు ఆదాయ పరిమితిని బట్టి వకీలును ఉచితంగా ఇస్తారు. 15100 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు. మనసు మరీ భారమైన రాత్రి ఫోన్ చేయడానికి 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు నోట్ల నకళ్లు, కట్టిన ప్రతి రూపాయికి చెల్లు, పట్టాదారు పాసు పుస్తకం లేదా కౌలు పత్రం, పంట పోయిన ఏటి కాగితాలు వెంట ఉండాలి. గత రెండేళ్లలో ఎవరి పేరుకైనా ఏదైనా రాసి ఉంటే ఆ సంగతి ఆయనకు మొదటే చెప్పేయాలి.